చాపకూడు: బ్రహ్మనాయుడి పెద్దరికమా, పల్లె జ్ఞాపకమా?

పల్నాడులో ఏ మీటింగు పెట్టినా, ఏ పార్టీవాడు మైకు పట్టుకున్నా రెండో మాటో మూడో మాటో బ్రహ్మనాయుడి మీదికి పోతుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటే కులాల అడ్డుగోడలు పడగొట్టిన గడ్డ ఇది, చాపకూడు పుట్టిన గడ్డ ఇది అంటారు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఈ మాటకు ఇంకాస్త ఊపొచ్చింది. చప్పట్లు కొట్టేవాళ్లలో మనోళ్లూ ఉంటారు. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ గట్టిగానే కొట్టాను. తర్వాత పరిశోధన పేరుతో ఈ కథ వెంటబడి మాచర్ల, గురజాల, కారెంపూడి తిరిగాక చప్పట్లు కొట్టడం మానేశాను. కథను మాత్రం వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పుకోవాలి.

మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. కార్తీక అమావాస్యకి కారెంపూడి తిరునాళ్లకి నన్ను చంకనేసుకుని పోయేది. ఒకసారి నేను బడిలో చదివిన పాఠం ఆమెకి అప్పజెప్పాను: బ్రహ్మనాయుడు అంటరానివాళ్లకు అన్నం పెట్టించాడు. ఆమె నోట్లో పొగాకు పక్కకి నెట్టి, ‘‘పెట్టటమేందిరా? మనకి కూడు లేకనా? ఆయన వచ్చి మనోళ్ల పక్కన కూర్చున్నాడు’’ అంది. పీహెచ్‌డీలో చేరి రెండేళ్లు పుస్తకాలు తిరగేసిన తర్వాతగానీ ఆ మాటలోని తేడా నాకు తెలిసిరాలేదు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. హైహయ వంశస్థుడు అనుగురాజుకు వెలనాటి చోళుల ఆడపిల్లతోపాటు అరణంగా పల్నాడు వచ్చింది. ఆయన కొడుకుల్లో నలగామరాజుది గురజాల, మలిదేవుడిది మాచర్ల. నలగాముడి మంత్రాంగం నాగమ్మది, మలిదేవుడి పక్షాన ఉన్నది బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మలిదేవుడి పక్షం ఏడేళ్లు దేశం విడిచింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారం వెళ్లిన అలరాజు విషప్రయోగంతో చనిపోయాడు. చివరికి 1182 ప్రాంతంలో కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో పల్నాడంతా నెత్తురు పారింది. ఇందులో బ్రహ్మనాయుడు రాజు కాదు. అసలు రాజులిద్దరి పేర్లూ జనానికి సరిగ్గా గుర్తులేవు. మంత్రి పేరు, ఆయన కొడుకు బాలచంద్రుడి పేరు, ఆయన పక్కన నిలబడిన మాల కన్నమదాసు పేరు మిగిలాయి. నాగమ్మ పేరు మిగిలింది గానీ తిట్టు కింద మిగిలింది. గట్టిగా మాట్లాడే ఆడమనిషిని ఇవాళ్టికీ పల్నాట్లో ‘నాయకురాలు నాగమ్మ’ అని ఎద్దేవా చేస్తారు. రాజ్యం నడిపిన ఆడమనిషిని కథ ఇలా ఎందుకు దాచుకుందో వేరే వ్యాసం రాయాల్సిన సంగతి.

రాజుల మతసహనం మాటకొస్తే పల్నాడుకు బ్రహ్మనాయుడికన్నా తొమ్మిది వందల ఏళ్ల ముందే పెద్ద పేరుంది. మాచర్లకు ఆనుకునే ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. ఇప్పుడది నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. 1926లో శిథిలాలు బయటపడ్డాయి, 1954 నుంచి 1960 దాకా గబగబా తవ్వారు, తర్వాత ముంచారు. క్రీ.శ. మూడో శతాబ్దంలో అక్కడ ఏలిన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు శాంతిశ్రీయేమో ఆయన కొడుకు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో బౌద్ధ మహాచైత్యాన్ని నిలబెట్టింది. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం కట్టించింది. ఒకే ఇంట్లో అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు చైత్యం కట్టిందని మన చరిత్ర పుస్తకాలు మురిసిపోతాయి. మురవాల్సిందే, తప్పులేదు. అయితే అవే శాసనాలు శాంతమూలుణ్ణి కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్ల నేల దానమిచ్చినవాడని పొగుడుతాయి. లక్ష అనేది పొగడ్త లెక్కే అనుకుందాం. ఆ నాగళ్లు దున్నిందెవరు? నేలతోపాటు దున్నేవాడూ చేతులు మారాడా? శాసనం దాత పేరు చెబుతుంది, దానం తీసుకున్నవాడి పేరు చెబుతుంది. మధ్యలోవాడి పేరు ఉండదు. రాజుల సహనం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ మధ్యలోవాడు గుర్తొస్తాడు. సహనం అంటే ఓర్చుకోవడమే కదా. పైనున్న రెండు మతాలు ఒకదాన్నొకటి ఓర్చుకున్నాయి. కిందివాడు ఇద్దరినీ ఓర్చుకున్నాడు. ఏ సహనానికి శిలాశాసనం దక్కిందో చూశారు కదా!

చాపకూడు ఈ లెక్కలోకి పూర్తిగా రాదు. నాకు దాని మీద మనసు పోవడానికి కారణం అదే.

పోల్చి చూడడానికి ఇంకో శాసనం ఉంది. పల్నాటి యుద్ధం జరిగిన ఎనభై ఏళ్లకు, 1261లో, కాకతి రుద్రమదేవి కాలంలో వేసిన మల్కాపురం శాసనం. ఇప్పటి అమరావతి ప్రాంతంలో మందడం దగ్గర ఉంది. గణపతిదేవుడు, రుద్రమ ఇచ్చిన ఊళ్ల రాబడితో విశ్వేశ్వర శివాచార్యుడు అక్కడ గోళకీమఠం, విద్యామండపం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడిపాడు. ఆ సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టాలని శాసనం రాతపూర్వకంగా చెప్పింది. పదమూడో శతాబ్దంలో ఇంత మాట రాయించడం చిన్న సంగతేం కాదు, పురిటిశాల కట్టించడం అంతకన్నా చిన్న సంగతి కాదు. అయినా ఒక్క ముక్క గమనించాలి. అది అందరికీ పెట్టమంది. అందరూ కలిసి తినమనలేదు. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా అన్నప్పుడే వరస ఏర్పడిపోయింది, మొదలుందీ చివరుందీ. సత్రంలో పెట్టేవాడు నిలబడి ఉంటాడు, తినేవాడు చెయ్యి చాస్తాడు. చాప మీద ఆ వరస వేయడం కష్టం. చాప అంటే ఒకటే పరుపు. దానికి పైన కింద ఉండవు, అంచులే ఉంటాయి. మా నాయనమ్మ పెట్టడానికీ కూర్చోవడానికీ తేడా చెప్పింది ఇందుకే.

మరి బ్రహ్మనాయుడు ఎందుకు కూర్చున్నాడు? భక్తి వల్ల అంటారు వైష్ణవులు. ఆయన వీరవైష్ణవుడు, మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు, కులం చూడక గుడిలోకి రానిచ్చాడని చెబుతారు. అప్పటికి రామానుజుల మాట దక్షిణాదంతా పాకుతున్న కాలం కాబట్టి ఇది వినడానికి సబబుగానే ఉంది. ఎదటిపక్షం నాగమ్మది శైవం కాబట్టి ఈ యుద్ధాన్ని శైవ వైష్ణవాల పోరుగా చూసిన పండితులున్నారు. నాకు మాత్రం భక్తితోపాటు ఇంకో అవసరం కనబడుతుంది. రాజ్యం పోగొట్టుకుని ఏడేళ్లు పరాయిచోట బతికిన పక్షం అది. సొంత కులం సైన్యం సరిపోదు. చచ్చేదాకా వదలకుండా నిలబడే మనుషులు కావాలి. అలాంటివాళ్లు ఊరి బయట ఉన్నారు. కత్తి పట్టగలిగినవాణ్ణి తెచ్చి పక్కన నిలబెట్టుకున్నాక వాణ్ణి దూరంగా కూర్చోబెట్టి తినమంటే యుద్ధం నడవదు. దండులో ఒకే పొయ్యి, ఒకే చాప. అవసరం వల్ల జరిగిందని తక్కువ చేయడం లేదు నేను. కులం మీద దెబ్బ ఎప్పుడు పడినా ఏదో ఒక అవసరం దాన్ని ముందుకు నెట్టే ఉంటుంది. ఆ అవసరాన్ని ఒక్క మనిషి గొప్ప మనసుగా మార్చి దండ వేయడమే నాకు నచ్చని సంగతి.

కన్నమదాసు సంగతే చూడండి. బ్రహ్మనాయుడు అతన్ని కొడుకులా పెంచాడని, సేనను అతని చేతిలో పెట్టాడని కథ. కొడుకులా పెంచినా పేరుకు ముందు ‘మాల’ పోలేదు. వెలమ బ్రహ్మనాయుడు అని ఎవరూ అనరు. మాల కన్నమదాసు అని అందరూ అంటారు. సినిమాల్లోనూ అంతే, పాఠాల్లోనూ అంతే. మా వాడల్లో కూడా అలాగే అంటారు, అయితే అక్కడ ఆ మాట ఛాతీ విరుచుకుని అంటారు. ఒకే పిలుపు రెండు నోళ్లలో రెండు అర్థాలు ఇస్తోంది.

బాలచంద్రుడి చుట్టూ ఉన్నవాళ్లలోనూ రకరకాల కులాలవాళ్లున్నారు, చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, బ్రాహ్మణ అనపోతు. అందరూ అన్నదమ్ములు, కలిసి తిన్నవాళ్లు. యుద్ధానికి బయల్దేరాక బాలచంద్రుడు అనపోతుని ఏదో మరిచిపోయినట్టు మిష పెట్టి ఇంటికి వెనక్కి పంపుతాడు. బ్రాహ్మణుడు తన వెంట వచ్చి యుద్ధంలో చస్తే ఆ పాపం తనకి చుట్టుకుంటుందని భయం. సంగతి తెలుసుకున్న అనపోతు ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకుంటాడు. ఈ ఘట్టం చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. అనపోతు దుఃఖం నిజమైందే, స్నేహం కోసం చచ్చిపోయాడు పాపం. కానీ ఒక్క ప్రశ్న వదల్లేదు నన్ను. కుమ్మరి చస్తే పాపం లేదా? చాకలి చస్తే? మాలోడు చస్తే? తినేటప్పుడు చాప మీద సమానమైన ప్రాణాలు, చచ్చేటప్పుడు మళ్లీ వరసలోకి వచ్చేశాయి. చాపకూడు ఎంతదాకా పోయిందో, ఎక్కడ ఆగిపోయిందో ఈ ఒక్క ఘట్టం చాలు చెప్పడానికి.

సరిగ్గా అదే కాలంలో కల్యాణంలో ఇంకో మంత్రి ఉన్నాడు, బసవడు. బిజ్జలుడి కొలువు. అక్కడ శరణులు అన్నం దగ్గర ఆగలేదు, పెళ్లిదాకా వెళ్లారు. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి, బ్రాహ్మణుడైన మధువరసు కూతురికి పెళ్లి చేశారని, దానికి బిజ్జలుడు ఆ తండ్రులిద్దరినీ చంపించాడని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. 1167 ప్రాంతంలో కల్యాణం తగలబడింది. బిజ్జలుడూ హత్యకు గురయ్యాడు. ఇక్కడ పల్నాట్లో కూడా తల్లకిందులైంది గానీ కులం కోసం కాదు, కోడిపందెం కోసం, రాజ్యభాగం కోసం. చాపకూడు తిన్నందుకు పల్నాట్లో ఎవడూ ఎవణ్ణీ చంపలేదు. అది పల్నాటి గొప్పతనమని అనుకోవచ్చు. చాపకూడు ఎవడి ఆస్తికీ, ఎవడి ఇంటి గడపకూ అడ్డం రాలేదని కూడా అనుకోవచ్చు. అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో ఈ సంగతి తేల్చేశాడు. సహపంక్తి భోజనాలు చేసే కులాలు చాలానే ఉన్నాయి, వాటివల్ల కులభావం చావలేదు, కులాంతర వివాహమే అసలు మందు అన్నాడు. బ్రహ్మనాయుడి కథ ఆయన వినుంటే ఏమనేవాడో ఊహించడం కష్టమేం కాదు.

ఇంతకీ ఈ కథను ఎనిమిది వందల ఏళ్లు ఎవరు మోశారు? పుస్తకాల్లో చూస్తే శ్రీనాథుడి పేరు కనబడుతుంది. పదిహేనో శతాబ్దంలో ద్విపదలో ‘పల్నాటి వీరచరిత్ర’ రాశాడు. యుద్ధం జరిగిన రెండు వందల ఏళ్ల పైచిలుకుకి. అంతదాకా కథ గాల్లో లేదు, గొంతుల్లో ఉంది. ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరుల కథ పాడడాన్ని ‘క్రీడాభిరామం’ వర్ణించింది. అంటే పండితుడు కలం పట్టేనాటికే పాట ఊళ్లు దాటి రాజధాని వీధికెక్కింది. శ్రీనాథుడి పేరుమీద పల్నాడును వెక్కిరించే చాటువులు కూడా ఉన్నాయి. జొన్నకూడు తప్ప ఏమీ దొరకదని ఆయన బాధ. నాకు అది చదివితే నవ్వొస్తుంది. బ్రహ్మనాయుడి చాప మీద ఉన్నదీ ఆ జొన్నకూడే అయి ఉండాలి. సాగర్ కుడికాలవ నీళ్లు రాకముందు ఈ మెట్టసీమలో వరన్నం పండగనాటి మాట. కూడు మారింది గానీ వడ్డన మారలేదు.

పాడినవాళ్లు వీరవిద్యావంతులు. మాలలు. కత్తి చేతబట్టి, పంబ మోతమీద రాత్రంతా పాడేవాళ్లు. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ ఈ కథని అలిశెట్టి గాలెయ్య నోట విని రికార్డు చేసుకుని, ఇంగ్లీషు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ద్వారా అచ్చేయించాడు. మన యూనివర్సిటీల్లో శ్రీనాథుడికి సెమినార్లు జరిగాయి. గాలెయ్య గొంతులోది కావ్యమని చెప్పడానికి సముద్రాల అవతలివాడు రావాల్సొచ్చింది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో శ్రీనాథుడి కృతిని అచ్చులోకి తెచ్చి గొప్ప మేలే చేశాడు, కాదనను. అచ్చు వచ్చాక మాత్రం ‘అసలు కథ’ అంటే పుస్తకంలోది, పాటలోది అంటే దాని చెడిపోయిన రూపం అనే అభిప్రాయం చదువుకున్నవాళ్లలో స్థిరపడిపోయింది. నిజానికి వరస తిరగబడాలి. ఆ తర్వాత సినిమాలొచ్చాయి. ‘మాలపిల్ల’ తీసిన గూడవల్లి రామబ్రహ్మం మొదలెట్టి చనిపోతే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’ 1947లో వచ్చింది. 1966లో మళ్లీ తీశారు, బ్రహ్మనాయుడుగా ఎన్.టి.రామారావు. ఆ తరంలో బ్రహ్మనాయుడంటే జనం కళ్లముందు కదిలేది ఆ ముఖమే. కన్నమదాసుకు అలాంటి ముఖం దొరకలేదు.

పాడినవాళ్లు దీన్ని తమ కథ అనుకున్నారనేదే నాకు ముఖ్యం. ఒక దొర మన మీద దయ చూపించాడని ఎనిమిది వందల ఏళ్లు ఎవడూ రాత్రంతా గొంతు చించుకోడు. మా పల్లె పాటలో కన్నమదాసు దండు ముందు నడుస్తాడు. చాపకూడు అక్కడ దానం కింద లేదు, జరిగిన ఒప్పందం కింద ఉంది. మేము నీకోసం చస్తాం, నువ్వు మాతో తింటావు అని. ఒకసారి ఒప్పుకున్న ఒప్పందం గనక దాన్ని అడగొచ్చు. మా తాతలు కారెంపూడి తిరునాళ్లకి పోయి అడిగింది అదేనని నా అనుమానం.

ఆ తిరునాళ్లు ఇప్పటికీ కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలను నాగులేటికి తీసుకుపోయి కడుగుతారు, వీర్లగుడిలో పూజలు చేస్తారు. మందపోరు రోజు చాపకూడు. కులం అడక్కుండా అందరూ కూర్చుని తింటారు. ఏడాదిలో ఒక్క రోజు. అంతా అయ్యాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని, ఇంకా అక్కడే ఉన్నాడని జనం నమ్మకం. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత, 1969లో, చారు మజుందార్ వచ్చి విప్లవకారులతో సమావేశమైందీ ఆ గుత్తికొండ బిలంలోనే. పల్నాటి కొండలకి ఇలాంటివాళ్లని దాచుకునే అలవాటు పాతదే.

మిగతా మూడు వందల అరవై నాలుగు రోజుల సంగతి చెప్పాలంటే మా ఊరి ముచ్చట ఒకటి చెప్పాలి. పదో తరగతి పాసైన ఏడాది ఊళ్లో ఓ పెద్దింటి పెళ్లి. మా నాయన వాళ్ల పొలంలో జీతగాడు, అందరినీ రమ్మన్నారు. పందిట్లో బల్లలు వేసి వడ్డిస్తున్నారు. నేను కొత్త చొక్కా వేసుకుని పోయి ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ తిట్టలా, కొట్టలా. వడ్డించే ఆయన నా దగ్గరికొచ్చి చాలా మెత్తగా, ‘‘అబ్బాయ్, మీవాళ్లు అవతల చింతచెట్టు కింద ఉన్నారు గదా, అక్కడ ఇంకా బాగా పెడతాం పో’’ అన్నాడు. నిజంగానే బాగా పెట్టారు. రెండు స్వీట్లేశారు. మా నాయన తినమని కళ్లతోనే సైగ చేశాడు, తిన్నాను. ఆ పెద్దింటాయన తర్వాత ఓ సభలో చాపకూడు గురించి మాట్లాడగా విన్నాను. అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలా. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. ఆయన లెక్కలో పెట్టడమే చాపకూడు.

పక్కన కూర్చోవడం ఎంత ఖరీదైన పనో మన జిల్లాల వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగేనీళ్ల చెరువు దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ గొడవ సినిమా హాల్లో ముందుసీటు మనిషికి కాలు తగలడం దగ్గర మొదలైంది. సినిమా హాలు కూడా ఒక చాపే కదా, టిక్కెట్టు కొన్నవాడు ఎవడైనా కూర్చోవచ్చు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. బ్రహ్మనాయుడి యుద్ధభూమికీ చుండూరుకీ ఒక్కరోజు ప్రయాణం కూడా లేదు. ఎనిమిది వందల ఏళ్ల సమతా వారసత్వం గురించి మైకుల్లో చెప్పేవాళ్లు ఆ దూరం ఎలా దాటతారో నాకు అర్థం కాదు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా ఈ గాలే పీల్చాడు. తన గోడు చెప్పడానికి మనుషులెవరూ కుదరక 1941లో గబ్బిలాన్ని పంపాడు.

మా కుర్రాళ్లలో కొందరు ఇక తిరునాళ్లకి పోవద్దంటున్నారు. చాపకూడు దొంగ సమానత్వం, మనల్ని మభ్యపెట్టే కథ అని వాళ్ల వాదన. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే మా తమ్ముడు అందరికన్నా గట్టిగా అంటాడు. వాడి మాటలో నిజముంది. కానీ ఆ చాపని వదిలేసి వస్తే దాని మీద ఎవరు కూర్చుంటారు? కన్నమదాసుని మనం వదిలేస్తే ఆయన బ్రహ్మనాయుడి దయకి ఉదాహరణగా మాత్రమే మిగిలిపోతాడు. గాలెయ్య పాటని వదిలేస్తే సినిమా ముఖమే మిగులుతుంది. నాకు ఈ కథ కావాలి. ఎవరు పెట్టారన్నది తీసేసి, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారన్నది తిరిగి చేర్చి చెప్పాలి. అది మా నాయనమ్మ చెప్పినట్టు చెప్పాలి.

ఈ సంగతులన్నీ చెప్పి పోయిన వారం మా తమ్ముణ్ణి ఈ కార్తీకానికి నాతో రమ్మన్నాను. ఫోన్లో కాసేపు మాట్లాడలా. తర్వాత, ‘‘వస్తాను గానీ అన్నా, మందపోరు రోజు నువ్వు తినబోకు. గరిటె ఎవరి చేతిలో ఉందో, చివరి బంతిలో ఎవరు కూర్చున్నారో, అయ్యాక చాపలు ఎవరు దులుపుతున్నారో చూసి రాసుకో. నేను కూర్చుని తింటా’’ అన్నాడు. నోట్‌బుక్కు కొత్తది కొన్నాను.